మరలిన అడుగు

సంకల్పించిన పుణ్యకార్యమును సగములో విడుచుట దోషమని పెద్దలు చెప్పుదురు. దైవమునకు మ్రొక్కిన మ్రొక్కు తీర్పకుండుట అంతకంటె దోషమని మనము భయపడుదుము. అది యుక్తమైన భయమే. మాట నిలువని చోట భక్తి నిలువదు. అయినను ఒక సందేహము నన్ను చాలకాలము బాధించినది. మ్రొక్కుకొన్న శిఖరము కన్నులయెదుట నుండగా, ప్రాణభయముచే వెనుకకు మరలినవాడు మాట తప్పినవాడగునా? అతని మరలుట వివేకమా, లేక పిరికితనమునకు అతడు పెట్టుకొన్న మంచి పేరా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో దొరకినది కాదు. అహోబిల క్షేత్రమున, ఉగ్రస్తంభమునకు పోవు దారిలో, మార్గశిర మాసపు మంచులో దొరకినది. దానికి లభించిన సమాధానమును, ఆ సమాధానము లభించుటకు ముందు నేను చేసిన తప్పును పాఠక మహాశయులకు నివేదించుట నా విధియని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నంద్యాల నుండి అహోబిలమునకు పోవు యాత్రికులు ఆళ్ళగడ్డ మీదుగా పోవుదురు. ఆళ్ళగడ్డలో దిగినవారికి ముందుగా వినవచ్చునది శిల్పుల ఉలిచప్పుడు. రాతిని దేవతామూర్తిగా మలచు కుటుంబములు ఆ ఊర తరతరములుగా వసించుచున్నవి. అచటి నుండి తూర్పుదిక్కునకు చూచినచో నల్లమల కొండలు నీలిగోడవలె నిలిచియుండును. కొండల పాదమున దిగువ అహోబిలము, అందు ప్రహ్లాదవరదస్వామి. అచటికి సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరమున, అడవి నడుమ, భవనాశిని యొడ్డున ఎగువ అహోబిలము. అందు గుహాలయమున స్వయంవ్యక్తుడైన అహోబిల నారసింహుడు. ఆ పరిసరములందే జ్వాల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నామములతో స్వామి వెలసియున్నాడు. నూటయెనిమిది దివ్యదేశములలో ఒకటియైన ఈ క్షేత్రమును తిరుమంగై ఆళ్వారు పది పాశురములలో కీర్తించెను. ఆ మహానుభావుడు స్వామి మహిమతో పాటు దారి కాఠిన్యమును గూడ చెప్పుట గమనింపదగినది. చేరుట కష్టమైన చోటు అని ఆయనయే మనకు హెచ్చరిక చేసిపోయెను.

ఆ దారులన్నిటిలో కఠినమైనది ఉగ్రస్తంభపు దారి. భవనాశిని వెంట నడచి, జ్వాలా నారసింహుని సన్నిధి చేరి, స్వామి తన చేతులు కడుగుకొన్న చోటని చెప్పబడు రక్తకుండమును సేవించి, అటుపైన రాళ్ళను, వేళ్ళను పట్టుకొని నిట్టనిలువుగా ఎక్కవలెను. నిలువున చీలిన ఆ శిలయే హిరణ్యకశిపుడు మోదిన స్తంభమని, అందుండియే స్వామి ఆవిర్భవించెనని భక్తుల విశ్వాసము. పైన స్వామి పాదములు, ఒక ధ్వజము కలవు.

హిమాలయములందువలె మా నల్లమలలో మంచు గడ్డకట్టి కురియదు. మాకు మంచు అనగా తెల్లవారుజామున లోయలలో పుట్టి, కొండలను మ్రింగి, ప్రొద్దెక్కిన పిదప కరిగిపోవు తెల్లని పొగ. కార్తికము దాటి మార్గశిరము ప్రవేశించిన కొలది అది చిక్కనగును. ఒక్కొక్కనాడు మధ్యాహ్నమైనను కదలదు. దానియందు చలికంటె ప్రమాదకరమైనది వేరొకటి కలదు. అది దారిని దాచును. నడచుచున్నవానికి తన కాలిముందున్న రాయి తప్ప మరేమియు కనబడదు.

కొన్ని యేండ్ల క్రిందట నా సహధర్మచారిణి తీవ్రమైన జబ్బుతో ఒక ఆసుపత్రిలో ఇరువది దినములు పడియుండెను. వైద్యులు నమ్మకముగా ఏ మాటయు చెప్పని ఒక రాత్రి, వరండాలోని బల్లపై కూర్చుండి నేనిట్లు మ్రొక్కుకొంటిని: “స్వామీ, ఈమె లేచి యింటికి వచ్చినచో, నేనొక్కడనే, ఎవరి తోడును లేక, ఉపవాసముతో, ఒక్క పగటిలోనే ఉగ్రస్తంభమెక్కి నీ పాదములకు పసుపు కుంకుమ సమర్పింతును.” స్వామి దయ చూపెను. ఆమె లేచెను. మార్గశిరమున నేను ప్రయాణమైతిని. అప్పటికి నా వయస్సు అరువదికి చేరువ.

ఆమె ఆ దినములలో ఆళ్ళగడ్డ దగ్గరి తన పుట్టింట విశ్రాంతి గొనుచుండెను. నేను బయలుదేరునపుడు పసుపు కుంకుమలను కాగితపు పొట్లముగా కట్టి, దారము చుట్టి నా చొక్కా జేబులో పెట్టెను. “పైన స్వామి పాదాల దగ్గర పెట్టండి. చీకటి పడకముందే దిగి రండి” అనెను. “తప్పక దిగి వత్తును” అని మాట యిచ్చితిని. ఆనాడు నేను రెండు మాటలకు కట్టుబడితినని నాకు అప్పుడు తోచలేదు. ఎక్కుదునని దేవునికిచ్చిన మాట ఒకటి. దిగుదునని మనిషికిచ్చిన మాట మరియొకటి. మొదటిది మ్రొక్కు, రెండవది ఇంటిలో చెప్పుకొను మామూలు మాట అని నా భావన.

తెల్లవారగనే ఎగువ అహోబిలమున స్వామిని సేవించి బయలుదేరితిని. భవనాశిని నీటిచప్పుడు వినబడుచున్నది గాని నీరు కనబడుట లేదు. జ్వాలా నారసింహుని దర్శించి రక్తకుండము చేరునప్పటికి ప్రొద్దు బాగుగ ఎక్కినది. మంచు మాత్రము విడలేదు. అచట చేత గొడ్డలి, భుజమున గోనెసంచి గల ఒక చెంచు పెద్ద ఎదురయ్యెను.

“ఒక్కడివే వచ్చినావా సామీ?” అని అడిగెను.

“ఒక్కడినే. మొక్కు ఉంది.”

“ఈ పొద్దు వద్దు. మంచు ఇడిసేటట్టు లేదు. రాయి పాచి పట్టి జారతాంది.”

“మొక్కుకున్నాను. పోక తప్పదు” అంటిని.

అతడు కొండవైపు చూచి, “నీ మొక్కు దేవునికి తెలుసులే సామీ. మంచుకు తెలీదు గదా” అనెను.

చదువురాని వాని మాటయని తలచి నేను ముందునకు సాగితిని. అరగంట ఎక్కిన పిమ్మట తడిసిన బండపై కాలు జారినది. ఒక చెట్టువేరు చేతికి దొరకుట వలన బ్రతికితిని. క్రిందికి చూచినచో తెల్లదనము తప్ప వేరేమియు లేదు. ఎడమ ఏది, కుడి ఏది, వచ్చిన దారి ఏది అనునది తెలియలేదు. ఆ బండకు వీపు ఆనించి, గంటకు పైగా నారసింహ నామము జపించుచు కూర్చుంటిని. ఒక్క క్షణము గాలి వీచి మంచు తొలగెను. పైన ధ్వజము కనబడెను. ఎంతో దూరము లేదు. వెంటనే మరల తెర మూసికొనెను. గడియారము చూచుకొంటిని. రెండు గంటలు దాటినది. ఇక ఎక్కినచో చీకటిలో దిగవలెను. జేబులోని పొట్లమును తడవి చూచుకొని, కన్నీటితో క్రిందికి తిరిగితిని.

రక్తకుండము కడ ఆ చెంచు పెద్ద బండపై కూర్చుండియుండెను. “వస్తావని కూకున్నా. ఇంగ పద” అని మాత్రమనెను. ఎగువ అహోబిలము వరకు నా ముందు నడచి, వెనుదిరిగి చూడక పోయెను. నేనతని పేరైనను అడుగలేదు.

చీకటి పడునప్పటికి ఇల్లు చేరితిని. ఆమె గడపలో నిలిచియుండెను. “పైన సమర్పించినారా?” అని అడిగెను. నేను “ఆఁ” అంటిని. ఒక్క అక్షరము. కాళ్ళు కడుగుకొని లోపలికి పోతిని.

ఆ రాత్రి మొదలు నాకు శాంతి లేదు. మ్రొక్కు చెల్లింపలేకపోయితినన్న చింతయే నన్ను బాధించుచున్నదని నేననుకొంటిని. కావున మరలుట తప్పా కాదా అని విచారింప మొదలిడితిని. ఆ విచారణలో నాకు ముందుగా తోచినది కాంచనగంగ వృత్తాంతము. ప్రపంచమున మూడవ ఎత్తైన ఆ శిఖరమును 1955 మే 25వ తేదీన జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ అను ఇద్దరు ఆంగ్లేయులు మొదటిసారిగ అధిరోహించిరి. కాని వారు తుదిశిఖరముపై కాలు మోపలేదు. ఆ పర్వతము సిక్కిం ప్రజలకు పూజనీయమగుటచే, శిఖరాగ్రమును తొక్కమని ఆ దేశపు ప్రభువునకు ముందే మాట యిచ్చియుండిరి. ఎనిమిది వేల మీటర్లకు పైగా ఎక్కి, మిగిలిన కొద్ది అడుగులను విడిచి దిగివచ్చిరి. వారిని ఓడినవారని ఎవరందురు? ఇక మన కైలాసము సంగతి అందరు ఎరిగినదే. దానిచుట్టు ప్రదక్షిణము చేసి మ్రొక్కుదురు గాని దాని తలపై ఎవ్వరు నిలువరు. అడుగు ఆపుటయు ఒక పూజయే యని ఈ ఉదాహరణములు నాకు ధైర్యము చెప్పినవి.

అయినను మనస్సు సమాధానపడలేదు. వారు గౌరవముచే ఆగిరి. నేను భయముచే మరలితిని. రెండును ఒకటి కావు.

పిమ్మట మన తెలుగుబిడ్డ మల్లి మస్తాన్‌బాబు జ్ఞాపకము వచ్చెను. నెల్లూరు జిల్లాలోని గాంధీజనసంగం గ్రామమున పుట్టి, 2006వ సంవత్సరమున ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో అధిరోహించిన ధీరుడాయన. 2015 మార్చి నెలలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములందు, అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దున, ఒక శిఖరమునకు ఒంటరిగా పోయి మరల రాలేదు. భూగోళపు దక్షిణార్ధమున మార్చి నెలాఖరు అనగా వేసవి ముగిసి మంచుకాలమునకు దారితీయు సమయము. ఏప్రిల్ మొదటివారమున ఆయన దేహము కొండపై కానవచ్చెను. ఆ నెలలోనే స్వగ్రామమునకు తెచ్చి అంత్యక్రియలు జరిపిరి. అంతటి వీరుని సాహసమును తూచుటకు నాబోటివానికి అర్హత లేదు; తూచుట నా ఉద్దేశమును కాదు. ఒక్క సంగతి మాత్రము నాకు స్పష్టమైనది. కొండ మన అనుభవమును లెక్కింపదు, మన పుణ్యమును లెక్కింపదు. అది ఎవరికిని శత్రువు కాదు, ఎవరికిని బంధువు కాదు. చెంచు పెద్ద చెప్పిన మాటకు అర్థమిదియే. దేవునికి తెలిసిన మ్రొక్కు మంచునకు తెలియదు. మంచు మన భక్తిని గుర్తించి తొలగవలెననుట విశ్వాసము కాదు, దైవమును పరీక్షించుట.

దైవమును పరీక్షించినవాడెవడు? హిరణ్యకశిపుడు. “ఈ స్తంభమున కలడా?” అని అడిగి మోదినవాడు అతడే. ప్రహ్లాదుడు ఆ స్తంభమును ముట్టి చూడలేదు. దానిపైకి ఎక్కను లేదు. ఉన్నచోటనే నిలిచి, స్వామి అంతటను కలడని మాత్రము చెప్పెను. ఇది తలచుకొన్నపుడు నా మ్రొక్కు నాకు మరల వినబడినది. ఒక్కడనే, తోడు లేక, ఉపవాసముతో, ఒక్క పగటిలోనే! ఎన్ని నియమములు! పగలు కాదు, రాత్రి కాదు. ఇంట కాదు, బయట కాదు అని హిరణ్యకశిపుడు తన వరమునకు నియమములు కట్టుకొన్నట్లే నేను నా మ్రొక్కునకు నియమములు కట్టుకొంటిని. ప్రహ్లాదుడో, వరము కోరుకొమ్మని స్వామియే అడిగినను బేరమాడలేదు. కోరికకు బదులుగా సేవచేయువాడు సేవకుడు కాడు, వర్తకుడని భాగవతమున ఆయన భావము.

నా భార్య బ్రతుకవలెనని కోరుట తప్పు కాదు. ఆపదలో మ్రొక్కుకొనుట తప్పు కాదు. కాని ఆ మ్రొక్కులోని “ఒక్కడనే” అను మాట ఎవరి కొరకు? స్వామి అడిగెనా? ఆమె అడిగెనా? ఆ మాట నాది. పదిమందిలో “ఒంటరిగా ఉగ్రస్తంభమెక్కినవాడు” అనిపించుకొనవలెనన్న కోరిక, ఆర్తికి చాటున దాగి నా నోట పలికినది. అంతేకాక అది అసత్యము గూడ. ఆ కొండకు ఒంటరిగా పోయినవాడు ఎవడును లేడు. అహోబిలమునకు సోపానములు కట్టించినవాడు పదునాలుగవ శతాబ్దమున అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి. ఆయన ఆస్థానమందలి ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణమున ఈ క్షేత్రమహిమను తెలుగువారికి తెలియజెప్పెను. అడవిలోని కాలిబాటలు చెంచుల పాదములచే ఏర్పడినవి. తుదకు నేను పిలువకయే నా కొరకు బండపై కూర్చున్న ఒక మనిషి కలడు. వీరందరి తోడుతో నడచుచు “ఒక్కడనే” యనుట కృతఘ్నత కాక మరేమి?

మన పురాణములలో మంచుకొండ నెక్కినవారిలో తుదకు మిగిలినవాడు ధర్మరాజు. మహాప్రస్థానమున ద్రౌపదియు, తమ్ములు నలుగురును దారిలో నొరిగిపోగా, ఆయన వెంట ఒక కుక్క మాత్రమే నడచినది. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనగా ఆయన ఒప్పుకొనలేదు. తమ్ములను విడిచితివి గదా యని ఇంద్రుడు ప్రశ్నించెను. మరణించినవారిని బ్రతికించు శక్తి నాకు లేదు గావున వారిని విడిచితిని. బ్రతికియుండి నన్ను నమ్మిన ప్రాణిని విడువజాలను అని ఆయన సమాధానము. స్వర్గము ఎదుట నిలిచియున్నను, నమ్మినవారిని విడిచి దానిని అందుకొననన్న ఆ మాటలో నా ప్రశ్నకు జవాబు కలదు. శిఖరము నా ఎదుట నుండెను. గడపలో ఒక మనిషి, జబ్బు నుండి అప్పుడే లేచినది, నా మాటను నమ్మి నిలిచియుండెను. ఆమె బ్రతుకు కొరకు మ్రొక్కిన మ్రొక్కు ఆమె బ్రతుకును చీకటి చేయునట్లు చెల్లించినచో ఆ చెల్లింపును స్వామి స్వీకరించునా? దిగి వత్తునన్న మాట మామూలు మాట కాదు. అదియును ఒక మ్రొక్కే. నేను నాకై కట్టుకొన్న నియమముకంటె, మరియొకరు నన్ను నమ్మి అడిగిన మాట బరువైనది.

ఇట్లు చెప్పినచో ప్రతివాడును సగము దారిలో కూర్చుండి, దానినే వివేకమనునని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ సరియైనదే. భయమునకు వివేకపు వేషము వేయుట మనుష్యునకు సులువు. ఆళ్ళగడ్డ శిల్పి ఉలిని ఎచట ఆపవలెనో ఎరుగును. ఒక్క దెబ్బ ఎక్కువైనచో మూర్తి చెడును. అంతమాత్రమున పని ఎగగొట్టి ఉలి దించినవాడు శిల్పి కాడు. ఆపిన చేతులు రెండును చూచుటకు ఒకే విధముగ నుండును. మరి భేదమెట్లు తెలియును?

నాకు తెలిసిన గురుతు ఒక్కటే. మరలినవాడు తాను మరలినట్లు చెప్పగలుగుచున్నాడా, దాచుచున్నాడా? వివేకముతో మరలినవానికి దాచవలసినది లేదు. “మంచు ఎక్కువగ నుండెను, భయపడితిని, మ్రొక్కు అప్పుగా మిగిలినది” అని అతడు చెప్పగలడు. భయపడితిననుటయు సిగ్గుపడవలసిన మాట కాదు. ఆ గురుతుతో నన్ను నేను చూచుకొన్నపుడు నా తప్పు ఎచట నున్నదో తెలిసినది. కొండపై నేను తప్పు చేయలేదు. తప్పు గడపలో చేసితిని. మరలిన అడుగు నిర్దోషమైనది. “ఆఁ” అన్న అక్షరము దోషము. నెలల తరబడి నేను కొండను గురించి విచారించినది, ఆ అక్షరమును గురించి విచారింపకుండుటకే.

ఇది తెలిసిన పిమ్మట గూడ చెప్పుటకు నాకు చాల దినములు పట్టెను. సంవత్సరము తిరిగి మరల మార్గశిరము వచ్చెను. ఒక సాయంకాలము ఆమె దీపము వెలిగించుచుండగా, “ఆ రోజు నేను పైదాకా పోలేదు. మధ్యలోనే తిరిగి వచ్చినాను. నీతో అబద్ధం చెప్పినాను” అంటిని. ఆమె వత్తి సరిచేసి, దేవుని అరలో వెనుక ప్రక్క చేయిపెట్టి ఒక చిన్న పొట్లము తీసెను. దారము ముడి విప్పనేలేదు.

“మరునాడు చొక్కా ఉతకబోతే జేబులో దొరికింది” అనెను.

“మరి ఏడాదిగా అడగలేదే?”

“మీరు చెప్పాల్సిన మాట నేను అడిగితే ఎట్లా?” అనెను.

అంతకు మించి ఆమె ఏమియు అనలేదు. ఏడాదిపాటు నా అసత్యము ప్రతిదినము దీపము ముందు కూర్చుండియున్నది. నేను నమస్కరించినప్పుడెల్ల దానికి ఎదురుగనే నమస్కరించుచుంటిని. ఆమె దానిని దాచినది నన్ను శిక్షించుటకు కాదు. నాకు చోటు మిగుల్చుటకు. ఆ ఓర్పు ముందర నా కొండ యెక్కుట ఏపాటిది?

అహోబిల స్వామికి ఒక విశేషమైన ఉత్సవము కలదు. సంక్రాంతి మరునాడు, కనుమ దినమున, పారువేట ప్రారంభమగును. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామి చెంచులకు అల్లుడు గదా! వారు విల్లంబులతో వచ్చి సంప్రదాయానుసారము బాణములు వేయగా, జ్వాలా నారసింహస్వామియు, ప్రహ్లాదవరదస్వామియు ఒకే పల్లకిలో బయలుదేరుదురు. నలుబది దినములకు పైగా, ముప్పదికి మించిన గ్రామములలో, పొలముల గట్లవెంట, వీధులవెంట ఊరేగి, తన కళ్యాణోత్సవమునకు రమ్మని జనులను పిలుచుట ఈ సంచారపు ఉద్దేశమని చెప్పుదురు. వృద్ధులు, రోగులు, పసిబిడ్డల తల్లులు, అడవిదారిన పోలేనివారందరును తమ వాకిటనే స్వామిని చూతురు. ఎక్కలేనివారి కొరకు స్వామి దిగును. ఆనాడు గూడ ప్రహ్లాదుని స్తంభమెక్కి రమ్మనలేదు. తానే స్తంభమును చీల్చుకొని వచ్చెను.

ఆ యేటి పారువేటలో పల్లకి నా భార్య పుట్టినయూరికి వచ్చెను. ఊరివారితో పాటు మేమును నిలిచియుంటిమి. ఆమె ఆ పొట్లమును నా చేతికిచ్చెను. ముడి విప్పి, పళ్లెములో పసుపు కుంకుమలు పోసి అర్చకస్వామికి అందించితిని. ఆయన స్వామి పాదములకు తాకించి, కొంత తీసి ఆమెకు ప్రసాదముగ నిచ్చెను. పల్లకి కదలి ముందునకు సాగెను. వెనుక నడచు జనములో, తలపాగ చుట్టుకొన్న ఒక చెంచు వృద్ధుని చూచి నేను దగ్గరకు పోతిని. అతడు ఆనాటి మనిషి కాడు. అయినను చేతులు జోడించితిని.

ఉగ్రస్తంభమును నేను నేటికిని ఎక్కలేదు. ఆ మ్రొక్కు పూర్తిగ తీరినదని చెప్పుకొనుటకు నాకు సాహసము లేదు. అది స్వామికి నాకు మధ్యనున్న అప్పు. ఎగువ అహోబిలమునకు పోయినప్పుడెల్ల, మంచు లేని దినమున, దూరమున నిలిచిన ఆ శిలను చూచి మ్రొక్కి, అప్పున్నదని ఒప్పుకొని వచ్చుచున్నాను. తీర్పలేని అప్పును ఒప్పుకొనుటలో అవమానము లేదు. తీర్చితినని చెప్పుటలోనే అవమానము. ఎత్తులకు పోగోరు ప్రతి భక్తునకు, ప్రతి యువకునకు, నా అనుభవము వలన ఒక్క మనవి. శిఖరమున మీ కొరకు వేచియున్నవాడు, మీ గడపలో వేచియున్నవారియందును కలడు. మంచు కమ్మిననాడు వెనుకకు రండు. వచ్చి, ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. స్వామి దిగివచ్చు దారి ఎప్పుడును తెరచియే యున్నది.